కూర్చున్నవాళ్ళ ముందు నుంచి

రెండు కాళ్ళకీ కలిపి, కండరాల బిగువు పట్టే పన్నెండు బిళ్ళలు అంటించి, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూసింది నడక పరీక్ష చేసే లారస్. తొడ ముందు వైపు మూడు, వెనక వైపు రెండు, పిక్క మీద ఒకటి. రెండో కాలికీ అంతే. ఏసీ గదిలో పార్జియా కాళ్ళు సన్నగా వణికాయి.

“చలేస్తోందా ఇబు?” జావాలో పెద్దావిడని అమ్మా అనాలంటే ఇబు అంటారు.

“చలి కాదు తల్లీ, సిగ్గు. నన్నిలా నిక్కరులో మా ఆయన కూడా చూసి ఎరగడు.”

లారస్ నవ్వింది. పార్జియా నవ్వలేదు. నవ్వొచ్చే పని మీద ఆమె రాలేదు. తలుపు అవతల బెంచీ మీద కోడలు నింగ్రుమ్ కూర్చుని ఉంది, ఒళ్ళో ఆస్పత్రి కాగితాలు పెట్టుకుని. ఆ కాగితాల్లో ఏముందో పార్జియాకి కంఠతా వచ్చు. కుడి మోకాలిలో గుజ్జు అరిగిపోయింది, ఎడమది అరగడం మొదలైంది. ఎముకల డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి, మొహమాటం లేకుండా చెప్పాడు. “ఎంత అరిగిందో ఇది చెబుతుంది ఇబు. నడిచేటప్పుడు మీ కండరాలు ఆ మోకాలిని కాస్తున్నాయో, నలిపేస్తున్నాయో చెప్పదు. నడక పరీక్షకి వెళ్ళి రండి. మోకాలు ఎంత నలుగుతోందో వాళ్ళిచ్చే అంకె నలభై లోపుంటే పన్నెండు వారాలు వ్యాయామం చేయిద్దాం, మీ బుట్ట మీరు మోసుకోండి. నలభై దాటితే మీ పేరు ఆపరేషన్ జాబితాలోకి ఎక్కుతుంది. బుట్ట మాట ఇక మర్చిపోవాలి.”

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. బుట్ట మానెయ్యమని నింగ్రుమ్ మూడేళ్ళుగా పోరుతోంది. సీసాలు స్కూటర్ మీద పెట్టుకుని తను అమ్ముకొస్తానంటుంది. పిల్ల చెడ్డది కాదు. నోరే కాస్త పెద్దది. ఆఖరికి పార్జియా విసిగిపోయి, “యంత్రం ఏమంటే అదే. ఇక ఆ మాట ఎత్తకు,” అని మాటిచ్చేసింది. ఇచ్చాక నాలుక కరుచుకుంది. ముప్పై మూడేళ్ళుగా తెల్లవారుతూనే పసుపూ చింతపండూ కలిపిన జాము కషాయం, బియ్యమూ కచ్చూరాలూ నూరిన జాము సీసాల్లో పోసి, వెదురుబుట్టలో సర్ది, చారల గుడ్డతో వీపుకి కట్టుకుని నలభై గడపలు తిరుగుతోంది. ఎవరింట్లో పసివాడికి జ్వరమో, ఏ బాలింతకి పాలు పడలేదో ఊరి నర్సు కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ఇంట్లో కూర్చుంటే ఆమె అన్నం తినే ఒక ముసలి నోరు, అంతే.

“అదిగో, ఆ చివర పసుపు గీత కనిపిస్తోందా? అక్కడిదాకా వెళ్ళి రండి. రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవండి. ప్రత్యేకంగా ఏమీ చెయ్యొద్దు,” అంది లారస్.

మామూలుగా నడవమని చెబితే ఎవరికైనా నడక మర్చిపోవడం ఖాయం. పార్జియా ఏ కాలు ముందు వెయ్యాలా అని ఆలోచిస్తుండగానే తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ హర్యోసెనో లోపలికొచ్చాడు. ఆ గదిని, అందులోని యంత్రాలని నిలబెట్టినవాడాయన. డెబ్బై దాటాయి, జుట్టు ముగ్గుబుట్ట. నడక దారి పక్కన, సరిగ్గా సగం దూరంలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“కానివ్వండి ఇబు. నేనున్నాననుకోకండి,” అన్నాడు.

పార్జియా నడిచింది. ఆయన కుర్చీ దగ్గరికి రాగానే నడుము వంచి, మోకాళ్ళు కాస్త మడిచి, కుడిచెయ్యి నేల వైపు చాచి, “నువున్ సెవు,” అంటే మన్నించండి అని గొణుక్కుంటూ దాటింది. కూర్చున్న పెద్దల ముందు నుంచి జావాలో పుట్టిన వాళ్ళెవరైనా అలాగే దాటుతారు. ఆయన తల ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

తెర మీద ఆకుపచ్చ గీతలూ ఎర్ర గీతలూ పరిగెత్తాయి. లారస్ మొహంలో నవ్వు తగ్గింది.

“ఎంతమ్మా?”

“మొదటిది లెక్కలోకి తీసుకోం ఇబు. ఇంకోసారి.”

రెండోసారి నడిచింది. మోకాలిలో ఎవరో మేకు దించినట్టుంది, అయినా పళ్ళ బిగువున నడిచింది. మూడోసారీ నడిచింది. ఈసారి లారస్ అంకె దాచలేకపోయింది. తెర మూలన అంత పెద్ద అక్షరాల్లో ఉంటే ఎక్కడ దాస్తుంది? యాభై ఎనిమిది.

అంతలో తలుపు సందులోంచి నింగ్రుమ్ తల దూర్చింది.

“ఎంతొచ్చింది మ్బాక్?” అని అక్కని పిలిచినట్టు అడిగింది.

“బయట కూర్చోండి, ఇంకా అవలేదు.”

“అవలేదంటున్నారంటేనే తెలుస్తోంది. యాభై ఎనిమిది కదా అది? నాకు కళ్ళున్నాయి.” నింగ్రుమ్ లోపలికి వచ్చేసి, ప్రొఫెసర్‌ని చూసి చటుక్కున వంగి, గోడ పక్కకి జరిగింది. గొంతు మాత్రం తగ్గించలేదు. “చెప్పానా ఇబు? మీరు వింటేగా. మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.”

“నా కాళ్ళ సంగతి చూడ్డానికే వచ్చాం. కుందేలు కాళ్ళెందుకు ఇప్పుడు?” అంది పార్జియా. కోడలి ముందు ఏడవకూడదని కిటికీ వైపు చూసింది.

లారస్ కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చుంది. “ఇబు, ఇటు చూడండి. మీరు వడ్లు దంచారా ఎప్పుడైనా?”

“దంచకుండా ఎక్కడ పెరిగాను?”

“ఇద్దరు ఒకే రోట్లో దంచితే ఒకరి తర్వాత ఒకరు వేస్తారు కదా రోకలి. తొడ ముందు కండా, వెనక కండా కూడా అంతే. ఒకటి పట్టుకుంటే రెండోది వదలాలి. మీకు రెండూ ఒక్కసారే వేస్తున్నాయి. మధ్యలో నలిగేది మోకాలు.” అంటూ తెర మీద వేలు పెట్టి గీతల్ని వెనక్కి జరిపింది. జరుపుతూ జరుపుతూ ఆగిపోయింది. దారి మొదట్లో ముందు కండ ఆకుపచ్చ గీత లేచినప్పుడు వెనక కండ ఎర్ర గీత పడుకుని ఉంది. చివర్లోనూ అంతే. మధ్యలో నాలుగే నాలుగు అడుగుల్లో రెండూ కలిసి లేచి, దిగనంటున్నాయి. మూడు నడకల్లోనూ అదే చోట.

లారస్ పైనున్న కెమెరా బొమ్మని తెరిచింది. బొమ్మలో పార్జియా నిటారుగా బయల్దేరుతుంది, మధ్యకొచ్చేసరికి సగానికి సగం కుంగుతుంది, దాటాక మళ్ళీ లేస్తుంది.

“అయ్యో,” అంది లారస్ మెల్లగా. “రోజూ నేనూ ఆయన ముందు నుంచి అలాగే తిరుగుతున్నాను. అందుకే నా కంటికి ఆనలేదు ఇబు.”

పార్జియాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భయమేసింది. ఎందుకంటే ఆ పిల్ల లేచి, వంగి వెళ్ళి, ప్రొఫెసర్ కుర్చీ పక్కన నేల మీద గొంతుక్కూచుని, రాజుల కాలం నాటి మర్యాద భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. తమరు దయచేసి కాస్త అవతలి గదిలో టీ సేవిస్తే బావుంటుందని మనవి చేస్తున్నాను, అని. ఇరవై ఆరేళ్ళ పిల్ల! పెద్దాయన్ని ఆయన కుర్చీలోంచే లేపుతోంది! పార్జియా లేచి నిలబడింది.

“వద్దు తల్లీ, వద్దు. యాభై ఎనిమిదైతే యాభై ఎనిమిది. ఆయన్ని కూర్చోనీ.”

ప్రొఫెసర్ లారస్‌ని తేరిపార చూశాడు. “నన్ను నా గదిలోంచి పొమ్మంటున్నావా?”

లారస్ చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేదు, కానీ కదలనూ లేదు. “తమరు కూర్చున్న చోటే గీతలు కలుస్తున్నాయి,” అంది.

ఆయన తెర వైపు చూశాడు, పార్జియా కాళ్ళ వైపు చూశాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. కోపమో కాదో ఆ నడక చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఖాళీ కుర్చీ ముందు నుంచి పార్జియా నడిచింది. వెళ్ళింది, వచ్చింది. ముప్పై ఆరు.

ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది. “ముప్పై ఆరేనా? సరిగ్గా చూడమ్మా. ముప్పై ఆరేనా?” అని నాలుగుసార్లు అడిగింది. లారస్ నాలుగుసార్లూ అవునంది. నింగ్రుమ్ మాత్రం గోడ పక్కనుంచి కదల్లేదు.

“నేనొకటి అడగొచ్చా మ్బాక్? ఈవిడ పొద్దున తిరిగే సందులో నలభై ఇళ్ళున్నాయి. నలభై అరుగుల మీదా ముసలాళ్ళు కూర్చునే ఉంటారు. వాళ్ళనందర్నీ టీకి పంపిస్తారా?”

లారస్ తెర మీది ముప్పై ఆరు వైపు చూసింది.

“వీపు మీద పాతిక కిలోల బుట్టతో నలభైసార్లు వంగి దాటుతుంది. ముప్పై మూడేళ్ళుగా. ఇక్కడ ఖాళీ గదిలో ముప్పై ఆరు వస్తే ఏంటి? ఆవిడ మోకాలు అరుగుతోంది ఈ గదిలో కాదు.” నింగ్రుమ్ గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయింది. “రాత్రి నూనె రాసేది నేను. ఆ మూలుగు వినేది నేను. మీరెవరూ వినరు.”

ఈ ముక్క కోడలు ఇంట్లో ఎప్పుడూ అనలేదు. పార్జియా తల దించుకుంది. తిట్టి ఉంటే జవాబు చెప్పేది.

“ఆ అమ్మాయి అన్నది నిజం.” తలుపు దగ్గర ప్రొఫెసర్ నిలబడి ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో. వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. “ఖాళీ గదిలో నడక ఎందుకు మనకి? ఇబు, మళ్ళీ నడవండి. నేను ఇక్కడే ఉంటాను. మీరు మాత్రం వంగకూడదు. ఆ వచ్చిన అంకే రాద్దాం.”

పార్జియా గీత మీద నిలబడింది. ఇది ముందు నుయ్యి, వెనక గొయ్యి. వంగితే బుట్ట పోతుంది. వంగకపోతే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని చేసినట్టు. అలా నిటారుగా పోయేవాళ్ళని ఏమంటారో ఆమెకి తెలుసు. వీడింకా జావా మనిషి కాలేదంటారు. పసిపిల్లల్నీ పిచ్చివాళ్ళనీ అనే మాట అది.

నడిచింది. వంగకూడదు, వంగకూడదు అనుకుంటూనే నడిచింది. కుర్చీ ఇంకా రెండడుగులుందనగానే నడుము దానంతటదే కుంగింది, చెయ్యి దానంతటదే కిందికి పోయింది. లారస్ చూడక ముందే పార్జియాకి తెలిసిపోయింది. యాభై ఐదు.

“నా వల్ల కాదు,” అంది. “నా ఒళ్ళు నా మాట వినడం లేదు అయ్యా.”

“ఎవరి మాట వింటుంది?”

“పెద్దల మాట.”

“అయితే నేను పెద్దవాణ్ణేగా?” హర్యోసెనో టీ గ్లాసు కింద పెట్టాడు. ఈసారి ఆయన గొంతులో డాక్టరు లేడు, ఇంటి పెద్ద ఉన్నాడు. “నేను చెబుతున్నాను. నా ముందు నుంచి తల ఎత్తుకుని వెళ్ళు. వెళ్ళకపోతే నా మాట తీసేసినట్టు.”

పార్జియా వెనక్కి వెళ్ళి గీత మీద నిలబడింది. ఈసారి లోపల ఎవరితోనూ తగువు పడలేదు. చెప్పిన పని చెయ్యడం ఆమెకి కొత్త కాదు. ఒకటి, రెండు, మూడు. కుర్చీ వచ్చింది. ఆయన నెత్తి మీద పల్చబడిన జుట్టు పైనుంచి కనిపించింది. ఒక పెద్దమనిషి నడినెత్తిని అలా పైనుంచి చూడడం ఆమె జీవితంలో అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. కాళ్ళు మాత్రం ఆగలేదు. అవతలి గీత దాటి, తిరిగి వచ్చి, మళ్ళీ దాటింది.

“ముప్పై ఎనిమిది,” అంది లారస్. అని, ఎందుకో తనే కళ్ళు తుడుచుకుంది.

గెలిచినట్టు లేదు పార్జియాకి. ఎవర్నో చెంపదెబ్బ కొట్టి వచ్చినట్టుంది. నింగ్రుమ్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ, “సరే ఇబు. మాటంటే మాటే, మీ బుట్ట మీది. కానీ రేపు నేను వెనకాలే వస్తాను. ఒక్క అరుగు ముందు వంగారా, అక్కడికక్కడ బుట్ట నా బండెక్కుతుంది,” అంది. లారస్ కూడా అదే రాసిచ్చింది. బుట్ట నేల మీద దించకూడదు, అరుగుకి ఆనించి దించాలి. గొంతుక్కూచోకూడదు. వంగి నడవకూడదు. పన్నెండు వారాలయ్యాక మళ్ళీ పరీక్ష.

మర్నాడు తెల్లవారుతూనే పార్జియా బుట్ట కట్టుకుంది. సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. సందు మొదట్లో పాల బండివాడు, “ఏంటి ఇబు, ఇవాళ కోడల్ని కాపలా పెట్టుకున్నారు?” అన్నాడు. వెనక నింగ్రుమ్ స్కూటర్ ఇంజను ఆపి, కాళ్ళతో నెట్టుకుంటూ వస్తోంది.

“కాపలా కాదు, పోలీసు,” అంది పార్జియా.

మొదటి అరుగు మ్బా పావిరోది, మ్బా అంటే తాత. ఎనభై నాలుగేళ్ళు, ఊరి బడికి ఒకప్పుడు హెడ్మాస్టరు. ఈ సందులో సగం మందికి ఆయనే అక్షరాలు దిద్దించాడు, ఆయనే వంగడమూ నేర్పించాడు. ఏడేళ్ళప్పుడు తన ముందు నుంచి పరిగెత్తిందని పార్జియా పిక్క మీద బెత్తంతో రెండిచ్చాడు. ఆయన జాము తాగడు, చేదంటాడు. ఆ ఇంట్లో ఆమెకి బేరం లేదు. ఉన్నదల్లా రోజూ వంగి దాటడం, ఆయన తల ఊపడం.

ఇవాళా వెదురు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని.

పార్జియా గుండె సీసాల కంటే గట్టిగా చప్పుడు చేస్తోంది. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చే ప్రొఫెసర్ లేడు. నడిచింది. నడుము వంగబోయింది, నిలబెట్టింది. చెయ్యి జారబోయింది, బుట్ట గుడ్డని గట్టిగా పట్టుకుంది. ఒక్క అడుగు, రెండడుగులు. ఆయన ఎదురుగా వచ్చేసింది.

“పార్జియా.”

ఆగింది. ఆగినా వంగలేదు. వెనక స్కూటర్ కూడా ఆగింది.

“నా మీద కోపమా?”

ఆ మాటకి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. తిట్టినా బాగుండేది, కర్ర ఎత్తినా బాగుండేది. “కాదు మ్బా. కోపం కాదు. మోకాలు. వంగి నడిస్తే లోపల కండలు రెండూ బిగుసుకుని మోకాలిని నలిపేస్తున్నాయట. ఇక వంగితే బుట్ట దించెయ్యాలన్నారు.”

“ఎవరన్నారు?”

“యంత్రం చెప్పింది.”

పక్కింటి ఆమె చీపురు ఆపి చూస్తోంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మ్బా పావిరో కళ్ళు చిట్లించాడు. ఆమె కాళ్ళ వైపు చూశాడు, బుట్ట వైపు చూశాడు, వెనక నిలబడ్డ నింగ్రుమ్‌ని చూశాడు.

“కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వంగి వెళ్ళాలని నేర్పాను,” అన్నాడు చివరికి. “నించున్నవాళ్ళ ముందు వంగమని నేనెప్పుడూ చెప్పలేదు.”

చేతికర్ర నేలకి ఆనించి లేవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి స్తంభం మీద. సగం లేచి ఆగాడు, మళ్ళీ లేచాడు. రెండు మోకాళ్ళూ టక్కుమన్నాయి. నిలబడ్డాక లుంగీ కింద ఆయన పిక్కలు ఎలా వణుకుతున్నాయో పార్జియాకి కనిపించింది. నిన్నటిదాకా అయితే ముసలితనం అనుకునేది. ఇప్పుడు తెలుసు. ముందు కండా వెనక కండా రెండూ ఒక్కసారే పట్టుకుని, వదలకుండా, ఆ మనిషిని నిలబెడుతున్నాయి. మధ్యలో ఏది నలుగుతోందో కూడా తెలుసు.

“అయ్యో మ్బా, కూర్చోండి! మీరు నా కోసం లేవడమేంటి?” ఆమె చేతులు చాచి, ఆయన్ని పట్టుకోవడానికి వంగబోయింది.

“వంగకు!” హెడ్మాస్టరు గొంతు సందంతా మోగింది. “నువ్వు దాటే దాకా నేను కూర్చోను. రేపూ కూర్చోను, ఎల్లుండీ కూర్చోను. నా మీద అంత మర్యాద ఉంటే తొందరగా నడు. ఈ కాళ్ళు ఎంతోసేపు ఆగవు.”

పార్జియా నడిచింది. తల ఎత్తుకుని, నడుము నిలబెట్టుకుని, పాతిక కిలోల బుట్టతో ఆ ముసలాయన ముందు నుంచి ఆమె కాళ్ళకి చేతనైనంత వేగంగా నడిచింది. కన్నీళ్ళు చెంపల మీద కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఒక అడుగు ఆలస్యమవుతుంది. వెనక వెదురు కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.